నలభై లక్షల పిడికిళ్ళు

పన్నెండు మంది ఆడవాళ్ళు, పన్నెండు ఖాళీ గోనెసంచులు. ఆలూరు దగ్గరి పల్లె నుంచి రెండు షేర్ ఆటోల్లో కిక్కిరిసి వచ్చి, ఆదోనిలో జయరాం పత్తి మండీ ముందు దిగారు. పత్తి తీత ముమ్మరంగా ఉన్న రోజుల్లో ఒక పూట కూలి వదులుకుని రావడమంటే మాటలు కాదు. జయరాం కూతురు సాయిసుధ పరుగున బయటికి వచ్చింది. అందరికన్నా ముందు నిలబడిన మల్లేశ్వరిని చూడగానే ఆమెకు సంతోషమూ కలిగింది, ఎక్కడో చిన్న గుబులూ పుట్టింది.

ఎందుకంటే రోడ్డుకు అవతల, మల్లేశ్వరి తలకు పైన, రెండంతస్తుల ఎత్తున్న ప్రకటన బోర్డు మీద మరో మల్లేశ్వరి నవ్వుతోంది. కింద ఇంత లావు అక్షరాలు: ‘నలభై లక్షల మంది విన్న గొంతు! స్వరధార: ప్రతి గొంతుకూ న్యాయం.’

స్వరధార అంటే ఫోన్లో పాటలు వినిపించే కంపెనీ. సాయిసుధ ఇంట్లోనే కూర్చుని ఏడాదికి పైగా దానికి కాంట్రాక్టు మీద పనిచేస్తోంది. నిరుడు నాన్న వెంట పొలాలకు వెళ్ళినప్పుడు, పత్తి తీస్తూ మల్లేశ్వరి పాడిన పాటను రికార్డు చేసి కంపెనీకి పంపింది ఆమే.

‘నల్లారేగడి నేలా నవ్వితే తెల్లాని పండ్లో,
ఆ నవ్వులేరే సేతులకేమో ఎర్రాని గీట్లో.’

ఆ పాట ఊళ్ళు దాటింది, జిల్లాలు దాటింది. నిజానికి విన్నది నలభై లక్షల మంది కాదు, నలభై లక్షల సార్లు. ‘మంది’ అని రాస్తే బోర్డు నిండుగా ఉంటుందని హైదరాబాదులో ప్రచారం చూసే దీపక్ మార్పించాడు. అరచేతిలో వైకుంఠం చూపించడం ఆయనకు వెన్నతో పెట్టిన విద్య.

ఆయనకు ఈరోజు సాయంత్రంలోపు ఒక వీడియో కావాలి. ‘స్వరధార నాకు న్యాయం చేసింది’ అని మల్లేశ్వరి నోటితో ఒక్క మాట. అది కంపెనీ పేజీలో పెడితే సాయిసుధ ఉద్యోగం పర్మినెంటు. మధ్యాహ్నం తానే పల్లెకు వెళ్దామనుకుంది. ఇంతలో వెదకబోయిన తీగ కాలికే తగిలింది.

“ఏమక్కా, అందరూ కట్టగట్టుకొని వచ్చినారు? ఈ సంచులేంటికి?”

“రాశి యాడుండాది పాపా?” అంది మల్లేశ్వరి.

“ఏం రాశి?”

“పత్తి రాశి. మా పాట పిడికిళ్ళది.”

సాయిసుధకు ఒక్క క్షణం అర్థం కాలేదు. తర్వాత పొలంలో తూకం వేళ చూసింది గుర్తుకొచ్చింది. పత్తి తీసేవాళ్ళకు కూలి కిలోల లెక్కన. పాడే మనిషి రాగం నిలపాలి, వెనుక సాళ్ళ వాళ్ళకు వినబడేలా తల తిప్పాలి, కాబట్టి చేయి వెనకబడుతుంది, సంచి తేలికవుతుంది. అందుకని సంచులు తూకానికి ఎక్కే ముందు, ఆ పాట విన్న ప్రతి మనిషీ తన పత్తిలోంచి ఒక పిడికెడు తీసి పాడినామె సంచిలో వేస్తుంది. ఎవరూ అడగరు, ఎవరూ చూడరు. పాట బాగుందా లేదా అన్న పేచీ లేదు. విన్నావు, వేశావు, అంతే.

“మా ఊరి బడిలో ఇస్సాకు సారు నీ బోర్డు ఫోన్లో సూపించి సదివినాడు. నలభై లచ్చల మంది విన్నారంట గదా! లారీ మాట్లాడుకొని పోదామనిరి వీళ్ళు. నేనే వద్దంటి. ముందు రాశి సూసొద్దాం పదాండే, యాడ పోసినారో ఏమో, వాన పడితే తడుస్తాదని వచ్చేస్తిమి.”

సాయిసుధకు నవ్వు వచ్చింది. కానీ వాళ్ళవైపు చూసి ఆపుకుంది. పన్నెండు ముఖాల్లో ఒక్కదానిలోనూ పరిహాసం లేదు.

గద్దె మీద కూర్చున్న జయరాం మాత్రం అలవాటు కొద్దీ లెక్కలోకి దిగిపోయాడు. ఎంగిలి చేత్తో కాకిని తోలని మనిషి అని బజారంతా చెప్పుకునే సావుకారి ఆయన. “పిడికిలికి పాతిక గ్రాములేసుకో. నలభై లక్షలకు...” పెదాలు కదిలాయి, ఆగాయి. “వెయ్యి క్వింటాళ్ళు సుధా! పది లారీల సరుకు!”

ఆ మాటతో మండీలో అందరూ వీధివైపు చూశారు. సాయిసుధ కూడా చూసింది. ఇన్నాళ్ళూ నలభై లక్షలంటే ఆమెకు తెర మీద పెరిగే ఒక అంకె. ఇప్పుడది వాకిట్లో మొదలై వీధి మలుపు దాకా వరసగా నిలిచిన పది లారీలయింది. ఒక్కో పిడికిలి వెనుక ఒక్కో చెవి. బస్సులో ఒకరు, వంటింట్లో ఒకరు, ఆస్పత్రి మంచం మీద ఒకరు. ఒక్క గొంతు అంతమందిని తాకిందా! ఆ అంకెను రోజుకు పదిసార్లు చూసి కూడా తనకు ఇంతవరకూ ఏమీ కనబడలేదని తెలిసింది.

“రాశి లేదక్కా,” అంది చివరకు. “జనం నెలనెలా డబ్బు కడతారు. అదంతా ఒకే కుప్పలో పడతాది. కంపెనీ తన వంతు ముందు తీసుకొని, మిగిలింది అన్ని పాటలకూ పంచుతాది. సినిమా పాటలకే ఎక్కువ పోతాది. నీ వంతుకు ఆరువందల పదకొండు రూపాయలు వచ్చింది. మొన్న నీ ఖాతాలో వేసినారు.”

తిడుతుందనుకుంది. తిడితే బాగుండుననీ అనుకుంది. కానీ మల్లేశ్వరి ముఖం విప్పారింది.

“అయితే ఏసినారన్నమాట! సూస్తిరా మే, ముఖం తెలియనోళ్ళు గూడా ఊరికే ఇని పోలేదు, ఏసినారు!” వెనకున్న ఆడవాళ్ళు “అవునే!” అంటూ ముక్కున వేలేసుకున్నారు. కాసేపటికి మల్లేశ్వరి మళ్ళీ ఇటు తిరిగింది. “మరి తూకం కాడ ఎవురుండిరి పాపా? నువ్వుంటివా?”

“లేనక్కా.”

“మీ పెద్దసారు?”

“ఆయనా చూసుండడు.”

“ఎవురూ సూడకుండా న్యాయమని అంతెత్తున ఎట్ల రాసినారు?”

సాయిసుధ రోడ్డు అవతలి బోర్డు వైపు చూసింది. ఆ అక్షరాలు రాసి పంపింది తనే.

మల్లేశ్వరి రెట్టించలేదు. ఆ ఆరువందల పదకొండు పదమూడు వంతులు చేసిపెట్టమని జయరాంను అడిగింది. పన్నెండు మందే కదా అని ఆయన అన్నాడు. “పాట అందరం కలిసి పాడిందే, రెండో సరణం జయమ్మది సావుకారప్పా. మొన్న వానకాలంలో పోయింది. ఆయమ్మ పిడికిలి ఇప్పుడు గూడా వాళ్ళాయన రామన్నకు పోతాండాది. మనిషి పోయింది గానీ పాట యాడికి పోయింది?” తలా నలభై ఏడు రూపాయలు తేలింది. ఆటో ఛార్జీకి కూడా చాలదు. అయినా ఒక్కరూ పెదవి విరవలేదు. రికార్డు కింద తాను ఒక్క మల్లేశ్వరి పేరే రాసి పంపిన సంగతి గుర్తొచ్చి, సాయిసుధ సిగ్గుతో తల దించుకుంది.

“పాపా, ఆ ఇన్నోళ్ళకు ఒక మాట సెప్పాల. నీ ఫోన్లో సెప్తే పోతాదా?”

“పోతాది అక్కా.”

మల్లేశ్వరి కొంగు సర్దుకుని ఫోను ముందు నిలబడింది. “అప్పల్లారా, అమ్మల్లారా, మా పాట ఇన్నందుకు మీకు దండాలు. మీ కడుపులు సల్లగుండ. మీరు పిడికిలి ఏసినారంట, ఆ మాట ఇని మాకు కడుపు నిండింది. అయితే అదంతా మా సంచిలోకి రాలేదు. ఎవురి సంచిలో పడిందో మీరే రవంత సూసి సెప్పండి. మేం వచ్చి తెచ్చుకుంటాం.”

సాయిసుధ దాన్ని దీపక్‌కు పంపింది. రెండు నిమిషాల్లో ఫోను మోగింది. “అద్భుతం! ఆ దండాలు, కడుపు నిండిందనడం... బంగారం! అక్కడితో కత్తిరించెయ్. ‘అయితే’ నుంచి వద్దు. నీ పర్మినెంటు ఆర్డరు నా టేబుల్ మీదే ఉంది, అప్‌లోడ్ చెయ్యగానే సంతకం పెడతాను.”

వేలు తెర మీద ఆగింది. ‘అయితే’కు ముందు కత్తిరింపు గీత పెడితే చాలు. దండాలు నిజం, కడుపు నిండడమూ నిజం. ఒక్క అబద్ధం కూడా చెప్పనక్కరలేదు.

అప్పుడే జయరాం గద్దె దిగాడు. మార్కెట్ యార్డులో ప్రతి రైతు కుప్పలోనూ చేయి పెట్టి నాణ్యం చూడ్డానికి ఒక పిడికెడు లాగడం, చూశాక దాన్ని తన బుట్టలో పడేసుకోవడం ముప్పై ఏళ్ళుగా ఆయన పని. ఆ బుట్టలోంచి ఒక పిడికెడు కూడా తిరిగి ఎవరికీ పోయింది లేదు. ఇప్పుడు ఆయన గద్దె పక్కనున్న ఆ బుట్టలో చేయి పెట్టి, పిడికెడు పత్తి తీసి, మల్లేశ్వరి సంచిలో వేశాడు.

“ఎండాకాలమంతా మండీలో ఇదే పాట మోగింది,” అన్నాడు ఎవరి ముఖమూ చూడకుండా. “నేనూ విన్నా.”

నాన్న చేయి అలా ఖాళీగా తిరిగి రావడం సాయిసుధ పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. గీత ఎక్కడా పెట్టకుండా వీడియో మొత్తం పేజీలోకి ఎక్కించింది. ఆ వెంటనే ఫోను మళ్ళీ మోగడం మొదలుపెట్టింది. దాన్ని మోగనిచ్చి, బుట్టలోంచి తనూ పిడికెడు పత్తి తీసి సంచిలో వేసింది.

మల్లేశ్వరి సంచిలోకి తొంగి చూసింది. అడుగున రెండు పిడికిళ్ళు తెల్లగా ఉన్నాయి.

“ఇద్దరైనారు,” అంది తృప్తిగా. ఆ సంచిని ఇంటికి తీసుకుపోలేదు. మండీ వాకిట్లో, బోర్డుకు ఎదురుగా, స్తంభానికి ఆనించి నిలబెట్టింది. “ఈడనే ఉండనీ పాపా. మిగిలినోళ్ళు ఎప్పుడొస్తారో ఏమో.”

జయరాం పురికొస అందించబోయాడు. ఆమె వద్దంది. మూతి కట్టకుండానే ఆటో ఎక్కింది.