ఒక్క కాలువోళ్లు

అంతయ్య కాలువగట్టు వెంట నడుస్తూ, అడ్డమొచ్చిన తుంగను పారతో గీరేస్తున్నాడు. పెద్దపల్లి దగ్గరి ఆ ఊరికి ముప్పై ఎనిమిదేళ్లుగా నీరటి అతనే. ఎవరి పొలానికి ఎప్పుడు నీళ్లు మళ్లాలో అతనే చెప్పాలి. పొలంలోకి నీళ్లు పారే ఏ మడవలో అతని పార దిగితే ఆ మడవ మూసినట్టు. ఆ పారను సర్పంచైనా సరే ముట్టడు.

కాలువకు ఇటు గట్టయ్య పొలం, అటు సిద్దిరాములుది. నీళ్ల దగ్గర కొట్లాడుకుని తొమ్మిదేళ్లయింది, మాటల్లేవు. ఎదురెదురుగా నిలబడి కూడా ఏదున్నా అంతయ్యతోనే చెప్పించుకుంటారు. ఇద్దరి మధ్యా నలిగి అతనికి ప్రాణం విసిగింది.

ఆ రోజు యాసంగి పంటకు ఆఖరి తడి. సాయంత్రం కాలువ బందు. పొద్దున గట్టయ్య వంతు, మధ్యాహ్నం దాటాక సిద్దిరాములుది.

"అంతన్నా, నా మడి నెర్రెలిచ్చింది. గీ తడి అందకుంటే అంత తాలే" అన్నాడు సిద్దిరాములు.

"ఫికర్ జెయ్యకు. పొద్దు తాటిచెట్టు దాటంగనే ఇడుస్త."

సద్ది తెచ్చిన మనవరాలు వందన డిగ్రీలో ఇంగ్లీషు చదువుతోంది. "తాతా, రైవల్ అంటే పోటీకొచ్చేటోడు గదా. లాటిన్ల గా మాటకు మొదట్ల ఒక్క కాలువ నీళ్లు వాడుకునేటోళ్లని అర్థమట. మా మేడం చెప్పింది."

అంతయ్య ముద్ద మింగి నవ్వాడు. "గంత దూరపోళ్లకు గూడ గిదే లొల్లా? ఆళ్లకు నీరటి ఉండెనా?"

"గది చెప్పలే తాతా."

"ఉండకపోవచ్చు" అన్నాడు గర్వంగా.

వందన వెళ్లాక అంతయ్యకు ఎడమ చెయ్యి లాగింది. రోజూ ఉండే నొప్పేలే అనుకున్నాడు. పొద్దున సిద్దిరాములు మడవలో దింపిన తన పారను ఇంకాస్త దిగ్గొట్టి, తుమ్మచెట్టుకు ఒరిగాడు. గట్టయ్య మడి నిండేలోగా ఒక్క కునుకు తీద్దామనుకున్నాడు.

పొద్దు తాటిచెట్టు దాటింది. అంతయ్య లేవలేదు.

సిద్దిరాములు కోపంగా వచ్చి భుజం తట్టాడు. తట్టిన చెయ్యి అక్కడే ఆగిపోయింది. అవతలి నుంచి గట్టయ్య ఉరికొచ్చి ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాడు.

"కాళ్లు పట్టు, సిద్దిరాములూ" అన్నాడు. తొమ్మిదేళ్లలో అదే మొదటి మాట.

ఇద్దరూ మోసుకుపోయి ఇంటి అరుగు మీద పడుకోబెట్టారు. వందన ఏడుపు చూసి సిద్దిరాములు అక్కడే కూలబడ్డాడు. పొలం సంగతి అతనికి యాదికే లేదు.

గట్టయ్యకు ఉంది. వట్టి చేతులతో ఒక్కడే కాలువకు తిరిగొచ్చి తన మడవను మట్టితో మూశాడు. సిద్దిరాములు మడవలోని పారను ముట్టడానికి చేతులు రాలేదు. దాని పక్కనే మోకాళ్ల మీద కూర్చుని గట్టును వేళ్లతో తవ్వాడు. గోళ్లలో మట్టి ఇరుక్కుని రక్తమొచ్చింది. నీళ్లు సిద్దిరాములు మడిలోకి మళ్లాయి, సాయంత్రం కాలువ బందయ్యేదాకా పారాయి.

అంతయ్య పార మాత్రం మూసిన మడవలో అట్లాగే నిలబడి ఉంది, అరచేయి పట్టిన చోట పిడి నున్నగా మెరుస్తూ.