నారికురుపు తెచ్చిందెవరు?

పిండిమర నడిపే ఆయన్ని వీధి వీధంతా మర మామయ్య అనేవారు. మనిషి చెడ్డవాడు కాదు గానీ, ఎదుటివాడు ఆవులిస్తే పేగులు లెక్కపెట్టే రకం. గింజలు పోసినవాళ్ళు పిండి అయ్యేదాకా పక్కనే నిలబడితే, "ఏం, నా మీద నమ్మకం లేదా?" అని మూతి ముడుచుకునేవాడు. నిలబడకుండా వెళ్ళిపోతే, "అంత తొందరగా ఎక్కడికో!" అని వాళ్ళు మలుపు తిరిగేదాకా చూసేవాడు.

అలాంటి మనిషికి ఆ ఎండాకాలం అనుమానాలకి కొదవ లేకుండా పోయింది. వీధిలో ఒకరి తరవాత ఒకరికి కాళ్ళ మీద బొబ్బలు లేచాయి. ముందు తపాలా ఆయనకి చీలమండ మీద. తరవాత బడిపంతులుకి పాదం మీద. బొబ్బ నిప్పు కణిక పెట్టినట్టు మండేది. రెండు మూడు రోజులకి చిట్లి, ఆ పుండులోంచి తెల్లటి దారం కొసలాంటిది బయటికొచ్చేది. అలా ఏడుగురయ్యారు. ఏడో మనిషి మర మామయ్య సొంత చెల్లెలు. అన్న ఇంట్లోనే ముందుగదిలో కుట్టుమిషను పెట్టుకుని వీధివాళ్ళ బట్టలు కుట్టేది. కుడి మడమ పక్కన పుండు లేచేసరికి మిషను తొక్కే వీలు లేక, కత్తిరించిన గుడ్డలు పేరుకుపోయాయి.

"ఇది ఊరికే వచ్చిన రోగం కాదే. ఎవరో తెచ్చారు" అన్నాడు మర మామయ్య.

"ఎలా తెస్తారన్నయ్యా, సంచిలో వేసుకునా?"

"నవ్వకు. ఆరు నెలల కిందట మన వీధి చివర ఇంట్లో దిగిందెవరు?"

దిగింది రాళ్ళు కొట్టే ఒక మనిషి, అతని భార్య. అతను తెల్లారగానే క్వారీకి పోయేవాడు. వీధిలో ఇంతమంది కుంటుతుంటే వాళ్ళిద్దరి కాళ్ళ మీద గీత కూడా లేదు. మర మామయ్యకి అదే పెద్ద సాక్ష్యమైంది. దానికి తోడు ఇంకొకటి కంటపడింది. వీధికంతటికీ తాగే నీళ్ళు మెట్లబావివే. అందరూ మెట్లు దిగి, మోకాలి లోతు నీళ్ళలో నిలబడి బిందెలు ముంచుకునేవారు. ఆ ఇల్లాలు మాత్రం నీళ్ళలో కాలు పెట్టకుండా పొడి మెట్టు మీదే కూర్చుని, బిందె మూతికి నాలుగు మడతల గుడ్డ కట్టి చెంబుతో నీళ్ళు ముంచి పోసేది. అయ్యాక ఆ గుడ్డని దూరంగా తీసుకెళ్ళి ఎండలో మట్టి మీద దులిపేది.

మర కిటికీలోంచి ఇదంతా చూసిన మర మామయ్య ఒకరోజు ఉండబట్టలేక బావి దగ్గరికి వెళ్ళాడు.

"ఏంటమ్మా చేస్తున్నావు?"

"నీళ్ళు వడగడుతున్నా మామయ్యా."

"మేమందరం తాగే నీళ్ళు నీకు పనికిరావా?"

"అలా అనకండి. మేమున్న చోట ఇదివరకు ఇలాంటి పుండ్లే వచ్చేవి. నీళ్ళలో నలకలంత పురుగులుంటాయని, వడకట్టుకోమని చెప్పారు. అప్పట్నుంచీ అలవాటైపోయింది."

"మీ దగ్గర వచ్చేవా!" అన్నాడాయన, దొంగ దొరికినట్టే. మిగతా మాటలు ఆయన చెవికెక్కనేలేదు.

ఆ రోజు నుంచి మరకి ఎవరొచ్చినా పిండితో పాటు ఈ కబురూ మోసుకెళ్ళారు. వారం తిరక్కుండానే అది వీధి మాటైపోయింది. ఒకనాటి పొద్దున ఆమె బిందెతో వచ్చేసరికి మెట్లకి అడ్డంగా ఆరుగురు నిలబడి ఉన్నారు. ముందు మర మామయ్య.

"ఈ బావి దగ్గరికి నువ్వు రావద్దు" అన్నాడు.

ఆమె ఒక్కొక్కరి మొహమూ చూసింది. ఖాళీ బిందె చంకన పెట్టుకుని వెనక్కి తిరిగింది. మర్నాటి నుంచి గంట దూరం నడిచి, క్వారీ దగ్గర పంపు నుంచి నీళ్ళు తెచ్చుకోవడం మొదలుపెట్టింది.

పుండ్లు మాత్రం తగ్గలేదు. ఎనిమిదో మనిషి కుంటడం మొదలుపెట్టాక, ఆరోగ్య కేంద్రం నుంచి ఒక నర్సమ్మ వచ్చింది. నీడగా ఉందని మర వసారాలోనే బల్ల వేయించుకుంది. ముందుగా చెల్లెలి కాలు ఒళ్ళో పెట్టుకుని, పుండు శుభ్రం చేసి, బయటికొచ్చిన కొసని చిన్న పుల్లకి మెల్లగా చుట్టింది.

"ఇది దారం కాదు, నరమూ కాదు. పురుగు. నారికురుపంటారు. లోపల రెండు మూరలుంటుంది. రోజుకింత చొప్పున చుట్టుకుంటూ పోవాలి. లాగారో, తెగి లోపల చీము పడుతుంది. దీనికి మందు లేదు, ఓపికే."

'నరమూ కాదు' అన్న మాట వినగానే మర మామయ్య చేతిలో జల్లెడ ఆగిపోయింది. అయినా తేరుకుని అడిగాడు.

"ఇది తెచ్చింది ఆ కొత్తవాళ్ళే కదమ్మా?"

"వాళ్ళెప్పుడొచ్చారు?"

"ఆరు నెలలైంది."

"అయితే వాళ్ళు కాదు. ఈ పురుగు బయటికి రావడానికి ఏడాది పడుతుంది. పోయిన ఎండాకాలం ఎవరో ఇలాంటి పుండుతోనే మీ బావిలో కాలు పెట్టారు. నీళ్ళు తగలగానే అది పిల్లల్ని వదుల్తుంది. నీళ్ళలో ఉండే నలకంత పురుగులు వాటిని మింగుతాయి. ఆ నీళ్ళు మీరు తాగారు." నర్సమ్మ తలెత్తింది. "పోయినేడాది ఎవరికైనా ఇలాంటి పుండు లేచిందా?"

"లేదు" అన్నాడు మర మామయ్య, ఎవరూ నోరు తెరవకముందే. "నాకు తెలియకుండా ఈ వీధిలో చీమ కూడా కదలదు."

చెల్లెలు అన్న వైపు చూసింది. నర్సమ్మ వెళ్ళేదాకా ఆగి, అప్పుడు నోరు విప్పింది.

"పోయిన ఎండాకాలం నీ ఎడమ కాలు సంగతేంటన్నయ్యా?"

"అది నరం."

"నరం కాదని ఇప్పుడే చెప్పింది కదా."

పోయిన ఎండాకాలం ఆయన పిక్క మీద పుండు లేచింది. అందులోంచి తెల్లగా ఏదో వస్తుంటే కాలి నరమే ఊడి వస్తోందని హడలిపోయాడు. నలుగురికీ తెలిస్తే మర మామయ్య పని అయిపోయిందంటారని, మర రాయి జారి పడిందని చెప్పి కట్టు కట్టుకున్నాడు. మంట ఆగక, మధ్యాహ్నం పూట ఎవరూ లేనప్పుడు మెట్లబావికి వెళ్ళి, కట్టు విప్పి కాలు నీళ్ళలో పెట్టుకుని కూర్చునేవాడు. ఎంత హాయిగా ఉండేదో! ఈ సంగతి చెల్లెలికి తప్ప ఎవరికీ తెలియదు.

"అంటే, నన్ను అనుమానిస్తున్నావా?" అన్నాడు.

"అనుమానం నీకు. నాకు తెలుసు."

రెండు రోజులు ఆయన తేలు కుట్టిన దొంగలా తిరిగాడు. ఇంకెవరైనా దొరక్కపోతారా అని వీధంతా మనసులోనే వెతికాడు. పోయినేడాది వచ్చిన గొర్రెల మంద, బావి గట్టున పడుకున్న బాటసారి, ఎవరినీ వదల్లేదు. ఎటు తిప్పినా లెక్క తన పిక్క దగ్గరికే వచ్చి ఆగింది.

మూడో రోజు నర్సమ్మ వసారాలో పురుగుల్ని పుల్లలకి చుడుతుంటే, మొదటి రోజు అక్కడ లేని తపాలా ఆయన అన్నాడు, "ఎలాగూ ఆవిణ్ణి తరిమేశాం కదా, వచ్చేడాదికి పీడ పోతుందిలెండి."

మర మామయ్య మర ఆపేశాడు. ఆ చప్పుడు ఆగేసరికి అందరూ తలెత్తారు.

"పోయినేడాది పుండుతో బావిలో కాలు పెట్టింది నేనే" అన్నాడు. "నరమనుకున్నాను. మీ అందరి దగ్గరా దాచాను. ఆవిడ తప్పేమీ లేదు."

తపాలా ఆయన లేచి, ఆడించని గింజల సంచి భుజాన వేసుకుని కుంటుకుంటూ వెళ్ళిపోయాడు. పంతులు తన కాలి వైపే చూసుకుంటూ కూర్చున్నాడు.

"తెలిసి చేశారా?" అని అడిగింది నర్సమ్మ.

"లేదమ్మా."

"ఇప్పుడు తెలిసింది కదా. బావిలో ఆ నలక పురుగులు చచ్చే మందు నేను వేయిస్తాను. పుండున్న కాలు ఒక్కటి కూడా నీళ్ళలో దిగకుండా మీరు చూడండి."

ఆ సాయంత్రమే ఆయన వీధి చివర ఇంటికి వెళ్ళాడు. రాతిపని ఆవిడ అప్పుడే పంపు నుంచి వచ్చి బిందె దించుతోంది.

"బావికి రా తల్లీ. తప్పు నాది" అన్నాడు.

"ఆ రోజు అడ్డం నిలబడింది మీరొక్కరే కాదు" అందామె. "మీరొక్కరు రమ్మంటే వస్తాను, రేపు ఇంకొకరు పొమ్మంటారు. అందరూ వచ్చి చెప్పండి."

ఆ మిగిలిన అయిదుగురినీ ఆమె గుమ్మం దాకా తీసుకురావడానికి ఆయనకి తొమ్మిది రోజులు పట్టింది. తపాలా ఆయన అందరికంటే ఆఖర్న వచ్చాడు, అదీ మర మామయ్య మొహం చూడకుండా.

ఆ తరవాత ఆమె ఇంటింటికీ వెళ్ళి గుడ్డ ఎలా కట్టాలో, ఏ వైపు పైకి ఉండాలో, ఎక్కడ దులపాలో చూపించింది. చెల్లెలు పురుగు పూర్తిగా బయటపడి కాలు మానగానే మిషనెక్కి, ఒత్తు నేత గుడ్డతో బిందెకొక వడపోత కుట్టింది. మర మామయ్య మాత్రం పొద్దున్నే మర తెరవకముందు పై మెట్టు మీద కూర్చునేవాడు. ఎవరొచ్చినా ముందు కాళ్ళు చూపించాల్సిందే. "సంబంధం చూడ్డానికొచ్చినా ఇంత పరీక్షగా చూడరు కదయ్యా!" అని ఆడవాళ్ళు విసుక్కునేవారు. కట్టు కనబడితే విప్పించేదాకా వదిలేవాడు కాదు.

మరుసటి ఎండాకాలం వీధి మొత్తానికి రెండే పుండ్లు లేచాయి. వడకట్టడం మొదలవకముందు తాగిన నీళ్ళ ఫలితమంది నర్సమ్మ. అందులో ఒకటి మర మామయ్య మోకాలి కిందే. ఈసారి ఆయన కట్టు కట్టలేదు. పంచె పైకి లాగి, వీధి మధ్యనుంచే నడిచి, బావి దగ్గరున్న రాతిపని ఆవిడ ముందు నిలబడ్డాడు.

"ఇది మానేదాకా కాపలా నువ్వు కూర్చోవాలమ్మా" అన్నాడు.

ఆమె ఆ పుండు వైపు చూసింది. ఆయన మాటకి జవాబు చెప్పకముందే చెయ్యి అడ్డం పెట్టింది.

"అక్కడే ఆగండి. ఒక్క మెట్టు కూడా దిగొద్దు. నీళ్ళు నేను తెచ్చిపెడతాను."

ఆయన ఉన్నచోటే ఆగిపోయాడు.