పడమటి చెరువుకు ఉత్త మేత

నీలం టబ్బులోని గోధుమరంగు రొయ్యమేత గుళికల మీద తనూజ చల్లటి మందునీళ్ళు చిలకరిస్తుంటే, విశ్వాసమ్మ కింది గుళికలు పైకి, పైవి కిందికి తిప్పుతోంది. మోచేతుల దాకా రబ్బరు తొడుగులు వేసుకుంది. గుళికలు చిదమకూడదు, ముద్ద కట్టకూడదు. చేపనూనె పట్టించి నీడలో ఆరబెట్టాలి. ఎండ తగిలితే మందు పాడవుతుంది. ఒట్టి చేయి తగిలినా పాడవుతుంది.

ఈ చివరి సంగతి మొదటిసారి విన్నరోజు ఆమె చాలాసేపు తన అరచేతులు చూసుకుంది. వెడల్పాటి చేతులు. కణుపుల దగ్గర తోలు మందం కట్టి, గీతలు అరిగిపోయాయి. కోయిలకుంట్లలో లేచిన ఇళ్ళకు సిమెంటు కలిపిన చేతులవి. బడిపిల్లలకు అన్నం వండాయి. నాపరాళ్ళ గనిలో దుమ్ము మింగి వచ్చిన మొగుడు లాజరు దగ్గినప్పుడల్లా వీపు రుద్దాయి.

"నా చేతుల్లో అంత ఇసం ఏముండాది పాపా?" అని అడిగింది ఆ రోజు.

తనూజ కడప నుంచి వచ్చిన ల్యాబు పిల్ల. "నీకొక్కదానికే కాదు పెద్దమ్మా, అందరి చేతుల్లోనూ ఉంటాది. చెమటలో ఉండేదేదో ఈ మందును తుంచేస్తాది" అని నవ్వింది. మందు పేరు ఆర్‌ఎన్‌ఏ అంది. తెల్లమచ్చల వైరస్ రొయ్య ఒంట్లోకి దూరి, తనలాంటివాటినే పుట్టించమని ఆజ్ఞ వేస్తుందట. మందు ముందుగానే లోపల ఉంటే ఆ ఆజ్ఞను పట్టుకుని కోసేస్తుందట.

ఆమె పనిచేసే రెండు చెరువులూ శివశంకర్‌వి. బోరులో ఉప్పునీళ్ళు పడి, జొన్న కూడా మొలవని నేలలో రొయ్యలు వేశాడు. ల్యాబువాళ్ళు మందును పరీక్షిస్తామంటే సరేనన్నాడు. తూర్పు చెరువుకు మందు మేత, పడమటి చెరువుకు ఉత్త మేత. పక్కపక్కనే పెట్టి చూస్తేనే తేడా తెలుస్తుందని తనూజ చెప్పింది. విశ్వాసమ్మ తల ఊపింది గానీ ఆ పని ఆమెకు ఎప్పుడూ మింగుడుపడలేదు. ఒకే బంతిలో కూర్చున్న ఇద్దరిలో ఒకరికి నెయ్యి వేసి ఇంకొకరిని దాటిపోయినట్టుండేది. అందుకే పడమటి గట్టు మీద మేత చల్లేటప్పుడు కొంచెం మెల్లగా నడిచేది.

గుళికలు ఆరాక విశ్వాసమ్మ తూర్పు చెరువుకు వేసి, పడమటి చెరువుకొచ్చి తాడు పట్టి మేతపళ్ళెం పైకి లాగింది. నిన్న మాపటేళ వేసిన గుళికలు నానిపోయి అట్లాగే ఉన్నాయి. వాటి మధ్య ఒక రొయ్య కదలకుండా పడుకుని ఉంది. తల మీది చిప్పకు సున్నం చుక్కలు చిందినట్టు తెల్లటి మచ్చలు. గట్టు వారగా మరికొన్ని, లోతుకు పోయే ఓపిక లేనట్టు, నీటి అంచునే తేలుతున్నాయి.

"పాపా, ఈడికి రా!"

తనూజ వచ్చి రొయ్యను వెలుతురుకు పట్టి చూసింది. చూసి, ఫోను తీసుకుని దూరంగా వెళ్ళింది. తిరిగి వచ్చేసరికి విశ్వాసమ్మ అక్కడే నిలబడి ఉంది.

"వీటికీ ఆ మందు రోంత కలుపుదాం పాపా."

"ఇప్పుడు కలిపినా లాభం లేదు పెద్దమ్మా. రోగం రాకముందు పెట్టాల్సిన మందు ఇది."

"పెట్టొద్దనింది మనమే కదా."

 తనూజ చిన్న వలతో రెండు చెరువుల్లోంచీ కొన్ని రొయ్యలు పట్టి ఐసుపెట్టెలో వేసుకుంది.

లాజరును చూపించడానికి తీసుకుపోయినప్పుడు కర్నూలు పెద్దాసుపత్రిలో డాక్టరు కూడా అదే మాట అన్నాడు. "రోంత ముందుగా తీసుకొచ్చింటే బాగుండేదమ్మా." లాజరు మంచం మీద కూర్చుని, పడుకుంటే ఊపిరాడక, ఆ మాట తన గురించి కానట్టు కిటికీలోంచి బయటకు చూస్తుండిపోయాడు. ముందుగా అంటే ఎప్పుడో విశ్వాసమ్మకు అప్పుడూ తెలియలేదు.

మధ్యాహ్నం తనూజ షెడ్డులో ఫోను మాట్లాడుతుండగా, టబ్బు అడుగున మిగిలిన మందు మేతను విశ్వాసమ్మ చిన్న గిన్నెలోకి ఎత్తుకుంది. పడమటి గట్టు దిగి, మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి, తేలుతున్న రొయ్యల ముందే గుళికలు వదిలింది. ఒకటి మీసాలు కదిపింది. గుళిక దాని కాళ్ళకు తగిలి కిందికి జారిపోయింది.

"తినండి నాయనా," అంది. "తినండి, ఎవురూ సూడ్లేదు."

ఏదీ తినలేదు. గుళికలన్నీ మునిగేదాకా చూసి గట్టెక్కింది.

పొద్దు వాలుతుండగా శివశంకర్ వచ్చాడు. వెనక ఆటోలో బ్లీచింగ్ పొడి సంచులు. ఒక చెరువుకు రోగం తగిలితే రెండింటిలోనూ రొయ్యల్ని చంపి మూసేయాలని ల్యాబువాళ్ళూ అతనూ ముందే ఒప్పుకున్నారట. లేకపోతే చుట్టుపక్కల చెరువులకు పాకుతుంది.

"తూర్పుదానికేమైంది? అవి బాగుండాయి కదయ్యా," అంది విశ్వాసమ్మ.

"బాగుంటే మాత్రం ఏం చేసేది? ఆ మందు తిన్నవాటిని అమ్మేదానికి ఇంకా అనుమతి లేదంట. చీకటి పడేలోపల చల్లెయ్యాల. నువ్వు తూర్పు గట్టు చూడు."

ఆమె తనూజ వైపు చూసింది. "నాకు కావాల్సినవి తీసుకున్యా పెద్దమ్మా. మందు పని చేసిందని రాస్తాను," అంది ఆ పిల్ల. ఐసుపెట్టె మూత మళ్ళీ ఒకసారి బిగించింది.

విశ్వాసమ్మ బ్లీచింగ్ పొడి తట్ట ఎత్తుకుని తూర్పు గట్టు ఎక్కింది. అది మేత వేసే వేళ. మొదటి దోసిలి నీళ్ళ మీద పడగానే, ఆ చప్పుడుకు రొయ్యలు గుంపుగా గట్టు దగ్గరికి వచ్చాయి. ఆమె చేయి ఒక్కక్షణం ఆగింది. అవతలి గట్టు నుంచి శివశంకర్ కేకేశాడు. మళ్ళీ చల్లింది. రొయ్యలు నీళ్ళలోంచి ఎగిరెగిరి పడ్డాయి. ఆమె చివరి దాకా చల్లింది, ఎప్పటికన్నా మెల్లగా నడుస్తూ. వెనక్కి తిరిగేసరికి నీళ్ళు కదలడం లేదు.

"మళ్ళీ చెరువు నింపినప్పుడు కబురు పెడతాలే," అన్నాడు శివశంకర్.

ఆమె సరేనని రోడ్డు వైపు దిగింది. ఆటో వచ్చింది, ఎక్కింది. తనూజ గట్టు మీద నుంచి చేయెత్తింది గానీ విశ్వాసమ్మ ఇటు చూడలేదు.

షెడ్డు గుంజకు ఆమె సద్దిసంచి వేలాడుతూనే ఉంది, పొద్దున వేసిన ముడి విప్పకుండానే.