కాలుడి కుర్చీ

దర్జీ కొట్టు మేస్త్రీ నోట్లో గుండుసూదులు పెట్టుకుని మాట్లాడటంతో వచ్చింది తంటా అంతా. కొలతలు తీసుకోవడానికి పొరుగూరు బయల్దేరుతూ, కిటికీ పక్కనున్న కుర్చీని చూపించి, సూదుల సందుల్లోంచి "కాలూడింది, ఎవరూ కూర్చోకండి" అన్నాడు. కుట్టుమిషన్లన్నీ ఒక్కసారే గరగరలాడుతున్నాయి. ఇస్త్రీ బాబాయి చెవిలోకి మాత్రం "కాలుడిది" అని దూరింది.

"ఎవరిదట?" అంది కాజాలు కుట్టే వదిన.

"కాలుడిదట! సాక్షాత్తూ ఆ కాలపురుషుడిదే!" అన్నాడు బాబాయి, ఇస్త్రీపెట్టె నిలబెట్టి.

మర్నాడే వడ్రంగి వచ్చి కాలు బిగించి వెళ్లాడు. కానీ కుర్చీకి కాలొచ్చేలోగా కథకి కాళ్లొచ్చేశాయి.

పగలూ రాత్రీ ఇంకా విడిపోని రోజుల్లో, తాను తప్ప మరేమీ లేని ఒకే ఒక్క బట్ట తాను ఉండేదట. కాలుడు ఆ కుర్చీలో కూర్చుని దాన్ని కత్తిరించాడట. తెల్లముక్క పగలైంది, నల్లముక్క రాత్రైంది. జానెడు గుడ్డ మిగిలితే పారేయడానికి మనసొప్పక, ఆయుష్షని పేరుపెట్టి మనుషులకి పంచాడు. అందుకే అది ఎవరికీ సరిపోదు!

"పగలూ రాత్రీ లేనప్పుడు రోజులెక్కణ్ణుంచి వచ్చాయి బాబాయ్?" అంది వదిన.

"అలా అడిగితే కథ ముందుకెళ్లదమ్మా."

"అసలిది ఎవరు చెప్పారు?"

"ఒకరు చెబితే అబద్ధం కావచ్చు. అందరూ చెబుతున్నారుగా!"

అదీ నిజమే. తానుని కత్తెర బావ చేర్చాడు, జానెడు ముక్కని మూటలు కట్టే పిన్ని చేర్చింది. మొదలెట్టిన బాబాయే ఆ సంగతి మర్చిపోయి, వాళ్లు చెబుతుంటే నోరు తెరుచుకుని విన్నాడు. చివరికి కుర్చీయే కాదు, కిటికీ పక్క చోటంతా కాలుడి ఖాతాలో పడింది.

వదినకి కావలసింది కథ కాదు, వెలుతురు. చేతిలో ఉన్నవి బ్యాండువాళ్ల నల్లకోట్లు. నల్లగుడ్డ మీద నల్లదారం. ఈమధ్య ఆమె కళ్లు మసకలేస్తున్నాయి. "ఈసారి ఒక్క కాజా వంకరపోయినా కాజాలు మాని మూటల గదికి పోవడమే" అని మేస్త్రీ చెప్పి మరీ వెళ్లాడు. గదంతటికీ ఉన్నది ఒక్కటే కిటికీ.

"పాతసామాన్ల కొట్టునుంచి దీన్ని మోసుకొచ్చింది నువ్వే కదా బాబాయ్!" అని నిలదీసింది.

"మోశాను కాబట్టే చెబుతున్నాను. మామూలు కుర్చీకి అంత బరువుంటుందా?"

తెగించి కూర్చుంది. ఠక్కున కరెంటు పోయింది.

"కరెంటువాళ్లు పొద్దున్నే చెప్పారుగా, పోతుందని!" అంది వదిన.

"వాళ్లకెవరు చెప్పారంటావ్?" అన్నాడు కత్తెర బావ. "కాజాల వదిన కాలుడి కుర్చీ కాజేద్దామనుకుంటే ఊరుకుంటాడా?"

అందరూ పగలబడి నవ్వారు. వదిన లేచి చీకటి మూలకి వెళ్లింది. నిజం చెప్పిన కొద్దీ కథకే బలమొస్తోంది. సరే, బలమంతా దానికే ఉంటే దాని వీపే ఎక్కుదాం అనుకుంది.

భోజనాల దగ్గర, మెతుకులు కలుపుతూ, ఎవరితోనూ కానట్టు అంది. "మీరు సగమే చెబుతారేంటి? కత్తిరించాక ఏమైందో మా అమ్మమ్మ చెప్పేది."

చేతులన్నీ ఆగిపోయాయి.

"కాలుడు మనుషులకి ఒళ్లు కుట్టి గుండీలు పెట్టాడు కానీ కాజాలు మర్చిపోయాడట. ప్రాణం లోపల నిలవకుండా జారిపోతోంది. అప్పుడొకావిడ వచ్చి కాజాలు కుట్టింది. ఆయన గబుక్కున లేచి, 'నువ్విక్కడ కూర్చో తల్లీ, నేను నిలబడతా' అన్నాడు. ఆ లేవడం లేవడం మళ్లీ కూర్చోలేదు. అందుకే కాలం క్షణం కూర్చోదు."

బాబాయి కంచంతో సహా దగ్గరికి జరిగాడు. "ఔను సుమా! మా తాత కూడా అనేవాడు. నేనే మర్చిపోయాను."

"మా ఇంట్లో ఆవిడ పేరు కూడా చెప్పేవాళ్లు" అంది పిన్ని, వెనకబడకుండా.

చేతులు కడుక్కోగానే బాబాయే కుర్చీ తుడిచి వేశాడు. వదిన కూర్చుంది. ఎండ ఒళ్లో పడింది. అయితే చిక్కేమిటంటే, ఇప్పుడామెని లేవనివ్వరు! మంచినీళ్లకి లేచినా, "కూర్చో, కూర్చో! ఎవరి ప్రాణం జారుతుందో ఏమో!" అంటూ చెంబు చేతికే తెచ్చిచ్చేవారు.

మేస్త్రీ తిరిగొచ్చి కోట్లు తిరగేశాడు. కాజాలు గీత గీసినట్టున్నాయి. తలాడించి, కూలబడదామని కుర్చీ వైపు నడిచాడు.

"లేమ్మా, కాసేపు కూర్చుంటా."

"అయ్యబాబోయ్, వద్దు!" గది మొత్తం అరిచింది.

విషయమంతా విన్నాక మేస్త్రీ నెత్తి కొట్టుకున్నాడు. "ఓరి మీ చెవులు చల్లగుండా! నేనన్నది కాలూడింది అని! కాలు, ఊడింది! నోట్లో సూదులున్నాయి. కాలుడూ లేడు, తానూ లేదు! అర్థమైందా?"

అందరూ శ్రద్ధగా విన్నారు. బాబాయి గౌరవంగా తలూపాడు.

"అలా చెప్పేవాళ్లూ ఉంటారండీ. అది మీ వైపు కథ అయ్యుంటుంది."

వదిన సూదిలో దారం ఎక్కించుకుంటూ తలెత్తలేదు. "బాగుంది మేస్త్రీగారూ, మీదీ బాగుంది. కాస్త వెలుతురికి అడ్డం తప్పుకుని చెప్పండి."