ఒకే తొట్టి

జింకల వేటకిచ్చిన తొమ్మిది రోజులూ ముగిసి రెండు వారాలైంది. విస్కాన్సిన్ ఉత్తరపు కొసన మోకాలిలోతు మంచు పడ్డ ఓ బుధవారం మధ్యాహ్నం, గిన్నెలు తోముతున్న వెర్నాకు ఫోనొచ్చింది. అటవీ శాఖ నుంచి ఎవరో అమ్మాయి, మర్యాదగా, తడబడకుండా చెప్పింది.

"మీవారు పరీక్షకిచ్చిన జింకకి జబ్బుందండి. ఆ మాంసం తినకండి."

చేతుల తడి తుడుచుకోకుండానే వెర్నా కుర్చీలో కూలబడింది.

ఆ జబ్బు జింకకు మతి చెడగొట్టి, ఎముకల గూడు చేసి చంపుతుంది. మనిషికి వచ్చినట్టు ఇంతవరకు ఎవరూ చూడలేదు. రాదని రాసిచ్చిన వాళ్లూ లేరు. ఎంత ఉడికించినా చావదంటారు. అందుకే అక్కడి వేటగాళ్లు తల కోసి పరీక్షకిచ్చి, కబురొచ్చేదాకా మాంసం ముట్టరు.

వెర్నా ముట్టింది.

ఆ ఇంటి పద్ధతి మామగారి నాటిది. అన్నదమ్ములు ఎవరెన్ని కొట్టినా, సన్నగా మరపట్టి పేగుల్లో కూరే సాసేజికి పోయే మాంసమంతా ఒకే తొట్టిలో పడాలి. నాది, నీది అన్న మాట తొట్టి దగ్గర వినపడకూడదనేవాడు ముసలాయన. మర తిప్పేదీ, ఉప్పూ మిరియాలూ చూసేదీ పెద్దకోడలు వెర్నా. ఈ ఏడు మరిది డేల్ కొట్టిన రెండింటికీ ఏమీ లేదని ముందే కబురొచ్చింది. మొగుడు ఎల్డన్ కొట్టినదానికే రాలేదు. మాంసంలో కలపడానికి తెచ్చిన పందికొవ్వు పాడయ్యేలా ఉంది. సాసేజీలకి పొగబెట్టే గది రాజేసుకు డేల్ కూర్చున్నాడు. ఎల్డన్ జింక చూస్తే నున్నగా, వీపున రెండు వేళ్ల మందం కొవ్వుతో ఉంది. "దీనికేం రోగం, నాకన్నా బాగుంది" అని నవ్వి, వెర్నా తన చేత్తోనే తొట్టిలోకి తోసింది.

సాయంత్రం ఎల్డన్ బూట్లు విప్పుతుంటే చెప్పింది. అతని చేయి ఆగిపోయింది.

"డేల్‌కి చెప్పావా?"

"లేదు."

"చెప్పకు. ఆగస్టులో కాగితం మిల్లు మూసినప్పట్నించీ వాడికి పనుందా? వాడి వాటాకొచ్చిన ఆ ఆరు పెట్టెల సాసేజీలే వాళ్లకి చలికాలం కూడు. పిల్లలు వారం నించీ తింటూనే ఉన్నారు. ఏమైంది?"

"సరే అయితే. మన వాటా కూడా ఉందిగా, నీకో నాలుగు వేయించనా?"

ఎల్డన్ బూటు వైపు చూశాడు.

"తొడుక్కో," అంది వెర్నా. "ట్రక్కు తియ్యి."

డేల్ ఇంట్లో అప్పుడే అందరూ బల్ల చుట్టూ కూర్చున్నారు. తోడికోడలు ట్రూడీ పెనం మీంచి సాసేజీలు తీసి పిల్లలు ముగ్గురికీ వడ్డిస్తోంది.

"రా వదినా! వాసన అక్కడిదాకా వచ్చిందా?" అన్నాడు డేల్. "అన్నయ్య దిగడేం, ట్రక్కుకి అతుక్కుపోయాడా?"

"పిల్లల్ని తినొద్దను, డేల్."

వెర్నా నిలబడే అంతా చెప్పింది, దాచకుండా. కబురు రాకముందే కలిపింది తానేనని కూడా చెప్పింది. ట్రూడీ పళ్లేలు లాగేసింది. చిన్నది నోట్లో ముక్క పెట్టుకుని అమ్మ వైపు చూస్తోంది. ట్రూడీ దాని గడ్డం కింద అరచెయ్యి పట్టింది.

"ఉమ్మెయ్."

డేల్ మెల్లగా అడిగాడు. "ఏ పెట్టెలో ఉంది ఆ జింక?"

"అన్నిట్లోనూ."

అతను తల ఊపాడు, లెక్క తేలినవాడిలా. "ఎందుకు చెప్పావు వదినా?"

"మరెలా చెప్పకుండా ఉండను?"

"పెట్టెలు అయిపోయేదాకా చెప్పకుండా ఆగితే పోయేదిగా. పోయిన వారం తిన్నది వెనక్కి రాదు. ఇక ఈ పిల్లల్లో ఎవరు తడబడి పడ్డా, పేరు మర్చిపోయినా, నేను చచ్చిందాకా ఇదే తలుచుకోవాలి."

"మా కోళ్లలో సగం పంపిస్తా..."

"మీ కోళ్లు మీరుంచుకోండి."

పెట్టెలు ఆరూ తనే మోశాడు. వెర్నా ఒకటి పట్టబోతే భుజంతో తోసి తనే ఎత్తుకున్నాడు. ఆఖరిది ట్రక్కులో పడేశాక ఎల్డన్ అద్దం దించాడు.

"ఒరేయ్ డేల్..."

"అద్దం ఎత్తుకో అన్నయ్యా, చలి." వెర్నా వైపు తిరిగాడు. "వచ్చే ఏటికి నాకో తొట్టి కొనుక్కుంటాను."

లోపల ట్రూడీ గుడ్లు కొడుతున్న చప్పుడు. ఒకటి, రెండు, మూడు. నాలుగోది వినపడలేదు.

జింకల చెత్త పడేసే చోటు శుక్రవారం దాకా తెరవరు. పెట్టెలు ఇంటి పెరట్లో, మంచులోనే ఉండిపోయాయి. వాళ్ల వాటా పెట్టెలు మూడూ వాటి పక్కనే చేరాయి. కుక్క గోకకుండా ఎల్డన్ పైన పలకలు వేశాడు. మర్నాడు పొద్దున్నే వెర్నా తొట్టినీ మరనూ బ్లీచింగు నీళ్లతో మూడుసార్లు కడిగింది. బాగానే మెరిశాయి. తుడిచి అలమరలో పెట్టబోయి, ఆగి, రెండింటినీ బయటికి తెచ్చి ఆ పలకల మీద పెట్టింది.

తొట్టిలో మధ్యాహ్నానికల్లా బెత్తెడు మంచు పేరుకుంది.