గట్టు మీది కొబ్బరిచెట్టు

త్రిమూర్తులు నవ్వుతూ పలకరించాడంటే మన సొత్తేదో పోబోతోందని ఊళ్లో అందరికీ తెలుసు. నాకు మాత్రం మామిడిచెట్టు పోయాకే తెలిసింది.

మా పొలానికీ అతని పొలానికీ మధ్య ఒకటే గట్టు. దాని మీద మా మామగారు నాటిన మామిడిచెట్టు, కొబ్బరిచెట్టు ఉండేవి. హద్దేదంటే ఎవరైనా ఆ రెండు చెట్లనే చూపించేవారు. త్రిమూర్తులుకేమో రొయ్యల చెరువు తవ్వాలని. చెట్లు లేకపోతే గట్టు తనదేనని కలిపేసుకోవచ్చు. ఆ చెరువు ఉప్పునీళ్లు గట్టులోంచి ఊరి మా వరి వేళ్లకి తగిలాయంటే ఇక ఆ చేలో గడ్డి కూడా మొలవదు. అదీ నా ఏడుపు.

కిందటేడు మామిడి విరగకాసింది. సంబరపడిపోయి ఆవకాయకని త్రిమూర్తులింటికి కూడా ఓ బుట్ట పంపాను. సిగ్గు లేకుండా పుచ్చుకున్నాడు. ఆ తరవాత చెట్టు నిలువునా ఎండిపోయింది. మొదలుకి పూసిన బురద రాలాక అసలు సంగతి కనపడింది. చుట్టూ జానెడు వెడల్పున బెరడు చెక్కేసి ఉంది. ఆకు వండిన తిండి బెరడులోంచే కిందికి దిగాలి. ఆ దారి తెగితే పైన కాయలు బలుస్తాయి, కింద వేళ్లు పస్తులుంటాయి. నీళ్లు లోపలి కర్రలోంచి పైకి ఎక్కుతూనే ఉంటాయి గనక ఆకు పచ్చగానే ఉంటుంది, ఎవరికీ అనుమానం రాదు. హైస్కూల్లో టెన్త్ పిల్లలకి ఏటా ఈ పాఠం చెప్పేదాన్ని నేనే. నా చెట్టు ఆకలితో చస్తుంటే కాయలు చూసి మురిసిపోయాను. ఛీ.

ఆ ధైర్యంతో త్రిమూర్తులు కొబ్బరిచెట్టుకీ అలాగే చుట్టూ చెక్కాడు. అదే బురద పూశాడు. నెలలు గడిచినా దానికి చీమ కుట్టినట్టు కూడా లేదు, గెల మీద గెల వేస్తూనే ఉంది.

ఓ ఉదయం అబ్బులు ఆ చెట్టెక్కి కాయలు దింపుతున్నాడు. మా రెండు కుటుంబాలకీ దింపు తీసేది అతనే. త్రిమూర్తులు నలుగుర్ని వెంటేసుకుని గట్టు మీదికొచ్చాడు.

"ఈ చెట్టు ఇంకెంతో కాలం ఉండదండి మేడమ్‌గారూ. మొదలు పాడైపోయింది కదండీ. మామిడి పోయినట్టే పోద్ది."

నాకు ఒళ్లు మండిపోయింది.

"ఎలా పోతుందండీ? మామిడికైతే తిండి దారి బెరడులో ఉంటుంది. కొబ్బరికి అలాంటి బెరడే లేదు. నీళ్ల గొట్టాలూ తిండి గొట్టాలూ మాను లోపలంతా పరుచుకుని ఉంటాయి. మీరు పైపైన ఎంత చెక్కినా దానికి గోరుతో గీరినట్టే. టెన్త్ తప్పినవాడికి కూడా తెలుసీ సంగతి."

వెంట వచ్చినవాళ్లు నవ్వారు. అతను నవ్వలేదు. చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"మరి దేంతో చస్తదండి?"

ఎవరైనా ప్రశ్న అడిగితే జవాబు చెప్పకుండా ఊరుకోవడం నా వల్ల కాదు. ఉద్యోగం పట్టించిన జబ్బు.

"దాని ప్రాణమంతా నెత్తిమీద మొవ్వులో ఉంటుందండి. కొత్త ఆకు పుట్టేది ఆ ఒక్కచోటే. అది పోతే ఇంకెక్కడా చిగురు వెయ్యదు. అంత ఎత్తు ఎక్కడం మీ వల్ల అవుద్దా?"

పైన అబ్బులు కత్తి ఆగింది. నేను పట్టించుకోలేదు. మాట నెగ్గానన్న పొగరుతో ఇంటికొచ్చేశాను.

వానలు పడ్డాక నడిమి ఆకు వాలిపోయింది. అబ్బులుని అడిగితే నేల చూస్తూ "తెగులండి" అన్నాడు. నమ్మలేదు. పక్క ఊరి నుంచి ఇంకో దింపు మనిషిని పిలిపించి ఎక్కించాను. అతను దిగొచ్చి మెల్లగా చెప్పాడు.

"తెగులు కాదండి. ఎవరో మొవ్వు కత్తితో కోసేశారండి."

నేరుగా త్రిమూర్తులు చేలోకి వెళ్లాను. అప్పటికే పొక్లెయిన్ తెప్పించాడు. నోటికొచ్చినట్టు తిట్టాను. దొంగ అన్నాను, నీ చేతులు పడిపోను అన్నాను. అన్నీ నిదానంగా విన్నాడు.

"నాకేం తెలుసండి, చదువుకున్నోణ్ణి కాదు. మీరు చెబితేనే కదండీ తెలిసింది" అన్నాడు.

పొక్లెయిన్ మా గట్టు వైపు తిరిగింది. పాఠం అయిపోయాక పిల్లల్ని నేను అడిగే మాటే అతను నన్ను నవ్వుతూ అడిగాడు.

"ఇంకేమైనా డౌట్లున్నాయాండీ?"