ఆరు జంపఖానాల లెక్క

కొత్తవాడ రాజమల్లు నలభై ఏండ్లుగా జంపఖానాలు నేస్తున్నాడు. నేసింది ఒక్కటీ తిరిగి రాలేదు. ఈ రోజు వచ్చేటట్టుంది.

మగ్గం మీంచి కోసిన ఆరింటినీ భార్య చిలుకమ్మ వాకిట్లో పక్కపక్కన పరిచింది. చూసి, నడుం మీద చెయ్యి పెట్టుకుంది.

"ఏమయ్యా, ఆరూ ఒక్క తీరుండాలె అన్నది గదా లెక్కల మేడం? ఏ రెండన్న ఒక్క తీరున్నయా?"

రాజమల్లు చీటీ తీశాడు. బడిలో లెక్కల గదికని పద్మలత మేడం రాసిచ్చింది. అడ్డచారలు ఆరు. ఎరుపు ఒక అంగుళం, పసుపు నాలుగు, నీలం రెండు, ఆకుపచ్చ ఎనిమిది, నలుపు అయిదు, తెలుపు ఏడు. కింద పెద్దగా 142857.

చారలన్నీ కొలతకే పడ్డాయి. మొదలు తప్పింది. ఒకటి ముగిశాక చేతిలో ఉన్న రంగు దించకుండా దానితోనే తరువాతిది ఎత్తుకోవడం తండ్రి నేర్పిన పద్ధతి. మొదటిది తెలుపుతో ముగిసింది, రెండోది తెలుపుతో మొదలై, ఎరుపు నుంచి మళ్లీ అదే వరసలో సాగింది. అది నలుపుతో ముగిసింది, మూడోది నలుపుతో మొదలైంది. అట్లా ఆరూ అయిపోయాయి.

"చీటీ సదువుకోవద్దా?"

"నేను సదివిందే మూడు. చేతులు బడికే పోలే."

"నవ్వులాటనా? రేపే ఆ గది తెరుస్తాండ్రు. మల్ల నెయ్య పొద్దేడిది?"

ఇంతలో మేడం స్కూటీ వాకిట్లో ఆగింది. రాజమల్లు తల దించుకున్నాడు.

"తప్పయింది మేడం. ఆరూ ఆరు తీర్లయినయ్. వద్దంటే వద్దనుండ్రి."

ఆమె వంగి చారలు వేలితో లెక్కపెట్టుకుంటూ పోయింది. ఆరోదాని దగ్గర గొంతుకూచుని ఒక్కసారిగా పకపకా నవ్వింది.

"ఎండదెబ్బ తాకిందా బిడ్డా? నీళ్లు తేనా?" అంది చిలుకమ్మ.

"కాకా! చారల అంగుళాలు వరసగ సదివితే మొదటిది 142857. దాన్ని అయిదుతోని గుణిస్తే 714285, మీ రెండోది. నాలుగుతోనైతే మూడోది. ఆరుతోని నాలుగోది, రెండుతోని అయిదోది, మూడుతోని ఆరోది. ఈ నంబరు గుణమే అది. అవే అంకెలు గుండ్రంగ తిరుగుతయ్. పిల్లలకు బోర్డు మీద రాసి చూపిద్దామనుకున్న. మీరు నేసే పెట్టిండ్రు!"

"అయితే తీస్కపోతరా?"

"ఇయ్యనన్నా గుంజుకపోత."

రాజమల్లు తల ఎత్తాడు. ఆరింటినీ ఒకసారి చూసుకుని అడిగాడు: "మరి ఏడుతోని?"

మేడం పెన్ను అందించింది. "మీరే చూడుండ్రి."

చీటీ వెనక్కి తిప్పాడు. ఏడేడులు నలభైతొమ్మిది. తొమ్మిది వేసి నాలుగు పట్టుకున్నాడు. ఏడైదులు ముప్పైఅయిదు, నాలుగు కలిపితే ముప్పైతొమ్మిది. మళ్లీ తొమ్మిదే. ఏడెనిమిదులు యాభైఆరు, మూడు కలిపితే యాభైతొమ్మిది. అతని చెయ్యి వేగం అందుకుంది. చివరికి ఆరు తొమ్మిదులు వరసగా నిలబడ్డాయి.

"ఓ చిలుకా, అన్నీ తొమ్మిదులేనే!"

"నలభై ఏండ్ల సంది ఇంత గట్టిగ మాట్లాడంగ చూడలే మనిషిని," అంది చిలుకమ్మ, మేడం వైపు తిరిగి.

"ఏడోది కూడ నేస్తరా కాకా? ఆరు రంగులు, తొమ్మిదేసి అంగుళాలు."

రాజమల్లు అప్పటికే లోపల నూలు వెతుకుతున్నాడు.